ఇన్‌స్పెక్టరుకి టీ ఇవ్వకండి

లిఫ్టు తలుపు తెరుచుకోగానే మోమోల వాసన గుప్పుమంది. నోర్జిన్ గబగబా బయటికి అడుగేసింది. ఆ వాసన తన ఫ్లాటులోంచే వస్తోంది.

వరండా చివర, తన గుమ్మం ముందు, సిటీ ఇన్‌స్పెక్టరు ఫుర్తాదో వంగి బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. మెడలో తెల్లటి పట్టు కండువా, ఖతా, వేలాడుతోంది. లామా వస్తే వేయడానికి దాచిన ఖతా అది. చేతిలో వెండి రేకు చుట్టిన పొట్లం. నుదుటి మీద చెమట.

ఆ ఇంట్లో మనిషికి చెమట పట్టగా చూసి ఎన్నాళ్ళయిందో నోర్జిన్‌కి గుర్తులేదు.

"అప్పుడే అయిపోయిందా? మధ్యాహ్నం వస్తానన్నారు కదండీ! ఆస్పత్రి నుంచి పరిగెత్తుకుంటూ వస్తున్నాను."

"ముందు చూడాల్సిన ఇంటికి తాళం ఉందమ్మా. అందుకని పెందలాడే వచ్చేశాను. మీ అత్తగారు తలుపు తీశారు." ఫుర్తాదో నడుం నిటారుగా చేసి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. "ఎంత మంచావిడండీ! నన్ను లేవనిస్తే కదా. ఒక్క గుక్క తాగితే చాలు, కప్పు మళ్ళీ నింపేస్తుంది. నిండు కప్పు వదిలి లేవకూడదట కదా మీలో?"

"వేడి ఎంతుందో చూశారా?"

"చూడకపోతే ఎలా? గది మధ్యలో పెట్టి, ఆగి మరీ చూశాను. ఇరవై మూడు."

"ఇరవై మూడా!"

"చట్టం ప్రకారం ఇరవై ఒక్క డిగ్రీలు ఉండాలి. మీకు రెండు ఎక్కువే ఉంది."

నోర్జిన్ ఆయన్ని దాటుకుని తలుపు తోసింది. కిటికీ అద్దాల నిండా ఆవిరి. పొయ్యి మీద ఒక మంట పైన మోమోల ఆవిరి గిన్నెలు, ఇంకో మంట పైన ఎముకల చారు, మూడో దాని మీద టీ. నాలుగో దాని మీద ఏమీ లేదు, మంట మాత్రం భగభగా మండుతోంది. పూజ అరలో పండగపూట వెలిగించేన్ని వెన్నదీపాలు వరుసగా వెలుగుతున్నాయి.

"ఇది పొయ్యి వేడండీ!" ఆమె గొంతు లేచింది. "అది ఆర్పేసి కాసేపు ఆగి చూడండి. గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. ఆ రేడియేటరు ముట్టుకోండి!"

"ముట్టుకున్నాను. ఐసుగడ్డలా ఉంది. కాని నేను రాయాల్సింది గదిలో ఎంత ఉందన్నదే. అది పొయ్యి వల్ల వచ్చిందా, ఎండ వల్ల వచ్చిందా అని రాయడానికి లేదు." ఆయన కాస్త తటపటాయించాడు. "అదీగాక, ఆవిడని అడిగాను. రాత్రిళ్ళు చలేస్తుందా అమ్మా అని. 'చలా? మంచుకొండల్లో పుట్టినవాళ్ళం, మాకు చలేమిటి!' అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పి నవ్వింది."

నోర్జిన్ వంటింటి వైపు తిరిగి చూసింది.

ఫుర్తాదో చెడ్డవాడు కాదు. గొంతు తగ్గించాడు. "మళ్ళీ ఫిర్యాదు పెట్టండి. మీకా హక్కుంది. ఫిర్యాదు పెట్టారన్న కోపంతో ఓనరు మిమ్మల్ని ఖాళీ చేయించలేడు. మీరొక్కరే అని కూడా కాదు, ప్రతి ఇంటివాళ్ళూ విడిగా పెట్టుకోవచ్చు. కాని ఒక్క సంగతి నాకు అంతుపట్టడం లేదమ్మా. ఈ బిల్డింగులో అందరూ చలి చలి అని ఫోన్లు చేస్తారు. తీరా నేను వచ్చేసరికి ప్రతి ఇల్లూ కొలిమిలా ఉంటుంది."

పొట్లం జాగ్రత్తగా సంచిలో పెట్టుకుని ఆయన లిఫ్టెక్కాడు.

* * *

"ఆమాలా, ఎంత పని చేశారు!"

అత్తగారు యాంగ్డోల్ ఆవిరి గిన్నె మూత తీస్తోంది. కోడలి మొహం చూడలేదు. "నువ్వూ ఏమీ తినలేదు కదా. కూర్చో."

"నేను అడుగుతున్నదేమిటి, మీరంటున్నదేమిటి?"

"ఏం చేశాను? భోజనం పెట్టాను. పెద్దమనిషి వస్తాడు, మన పాప సంగతి ఆయన చేతుల్లో ఉంది అని నువ్వేగా అన్నావు? తెల్లారి లేచినప్పటి నుంచి పిండి కలుపుతూనే ఉన్నాను. నడుం పడిపోయింది."

"ఆయన మన చలిని చూడ్డానికి వచ్చాడు!"

"అయితే? ఇంటికొచ్చిన మనిషిని చలిలో కూర్చోబెడతామా?"

"కూర్చోబెట్టడానికే పిలిచాం ఆమాలా! చలిలో కూర్చోబెట్టడానికే పిలిచాం!"

యాంగ్డోల్ చేతిలో మూత అలాగే ఆగింది. కోడలు ఆ స్థాయిలో అరవడం ఆవిడ ఎన్నడూ వినలేదు. నోర్జిన్ ఒక్కొక్క మంటా ఆర్పుకుంటూ వచ్చింది. పొయ్యి మరలు విరిగిపోతాయేమో అన్నంత గట్టిగా తిప్పింది.

"చలి లేదని ఎందుకు చెప్పారు? రాత్రి రెండు పొడుగాటి ఉన్ని చుబాలు తొడుక్కుని, పైన నా కోటు కప్పుకుని పడుకున్నదెవరు? తెల్లవారుజామున పొయ్యి పక్కన కుర్చీ వేసుకుని కునికిపాట్లు పడిందెవరు?"

"అవన్నీ పరాయివాడికి చెప్పుకుంటామా? ఇంటిగుట్టు కాదూ?"

"ఇది మన ఇంటిగుట్టు కాదు, ఓనరు గుట్టు. వాడి గుట్టు మీరు దాచిపెట్టారు."

ఆ మాటకి యాంగ్డోల్ కుర్చీలో కూలబడింది.

యాంగ్డోల్‌ది ఒక తరహా గర్వం. బైలకుప్పె శరణార్థుల శిబిరంలో ఉన్న రోజుల్లో ప్రతి చలికాలం మూటలు కట్టుకుని ఊళ్ళకి వెళ్ళి, రోడ్డు పక్కన కర్రలు పాతి స్వెటర్లు అమ్మేది. చలేస్తోందని ఎదుటివాళ్ళ చేత అనిపించడం ఆవిడ బతుకుతెరువు. తన నోటితో తను ఎన్నడూ అనలేదు. దేశం దాటి పార్క్‌డేల్‌కి వచ్చి ఈ పాత బిల్డింగులో దిగాక, సరస్సు మీది గాలి కిటికీ సందుల్లోంచి ఈలలు వేస్తూ లోపలికి వస్తున్నా అనలేదు.

తలుపు చప్పుడయింది. పల్దెన్ రొట్టెల ఫ్యాక్టరీ నుంచి వచ్చాడు. ముక్కు ఎగబీల్చాడు. మొహం విప్పారింది.

"మోమోలా! ఎవరైనా వచ్చారా?"

తల్లి నేల చూపులు చూస్తోంది. పెళ్ళాం కిటికీ వైపు తిరిగి నిలబడింది. పల్దెన్ టోపీ తీసి చేతిలో నలుపుకుంటూ ఉండిపోయాడు. గొడవ ఎంత పెద్దదైతే అంత చిన్నగా అయిపోయే మనిషి అతను.

"ఇన్‌స్పెక్టరు వచ్చి వెళ్ళాడు," అంది నోర్జిన్ చివరికి. "ఇల్లు వెచ్చగా ఉందని రాసుకుని, మోమోలు కట్టించుకుని వెళ్ళాడు."

పల్దెన్‌కి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. "పోనీ... కర్టిస్‌తో ఇంకోసారి మెల్లగా మాట్లాడితే?"

కర్టిస్ ఆ బిల్డింగు మేనేజరు. బాయిలరు గది తాళాలు అతని నడుముకే వేలాడుతుంటాయి.

"ఎన్నిసార్లు మాట్లాడలేదు? మొదటిసారి వెళ్తే పార్టు రావాలన్నాడు. రెండోసారి ప్లగ్గు హీటరు కొనుక్కోమన్నాడు. అది పెడితే ఫ్యూజు ఎగిరిపోయింది, తిట్లు మనకే పడ్డాయి. మొన్న వెళ్తే ఏమన్నాడో చెప్పనా? స్వెటరు వేసుకోమన్నాడు. స్వెటర్లు అమ్ముకుని బతికిన కుటుంబానికి!"

"వాడితో గొడవ పెట్టుకుని..."

"గొడవ కాదు పల్దెన్. చలికాలం ఇల్లు వెచ్చగా ఉంచడం వాడి దయ కాదు, చట్టం. నువ్వేమో దణ్ణం పెట్టి అడుక్కుందాం అంటావు. మీ అమ్మగారేమో చలే లేదంటారు. మధ్యలో నా పాప ఆస్పత్రిలో గాజుపెట్టెలో పడుకుని ఉంది!"

అంతలో ఆమె ఫోను మోగింది. ఆస్పత్రి నుంచి. నెలలు నిండకుండా పుట్టిన పాప ఇప్పుడు బాగా పాలు తాగుతోంది, బరువు పెరిగింది, ఇంటికి పంపొచ్చు అన్నారు డాక్టర్లు. ఇల్లు వెచ్చగా ఉంటేనే అన్నారు. ఇల్లెలా ఉంటుందని అక్కడి సోషల్ వర్కరు అడిగినప్పుడు నోర్జిన్ అబద్ధం ఆడలేకపోయింది. అప్పటి నుంచి ఆమె ఫోను చేసి కనుక్కుంటూనే ఉంది.

"ఇన్‌స్పెక్షను ఏమైంది నోర్జిన్?"

"అయింది..."

"ఇప్పుడు ఇంట్లో ఎంతుంది?"

నోర్జిన్ గోడకున్న థర్మామీటరు వంక చూసింది. పొయ్యి ఆర్పి ఎంతోసేపు కాలేదు. అప్పుడే పద్దెనిమిదికి దిగింది, ఇంకా దిగుతోంది. "పద్దెనిమిది," అంది.

అవతల నిట్టూర్పు. "వచ్చే శుక్రవారం దాకా ఉంచుకోగలం. ఆ తర్వాత ఆ పడక ఇంకో పాపకి కావాలి. అప్పటికీ ఇల్లు ఇలాగే ఉంటే వేరే ఏర్పాటు ఆలోచించాలి. కంగారు పడకండి. వెచ్చగా ఉండే బంధువుల ఇల్లేదైనా..."

"మా బంధువులందరూ ఈ బిల్డింగులోనే ఉన్నారండీ," అంది నోర్జిన్.

ఆమె ఫోను పెట్టేసింది. మోమోలు చల్లారిపోయాయి. తల్లి కోసమని పల్దెన్ ఒకటి తీసి నోట్లో పెట్టుకున్నాడు, మింగలేకపోయాడు.

యాంగ్డోల్ లేచి, చెప్పులైనా సరిగ్గా తొడుక్కోకుండా బయటికి వెళ్ళిపోయింది.

* * *

ఆవిడ వెళ్ళింది కింది అంతస్తులో ఉండే చోడెన్ ఇంటికి.

"చోడెన్, నీ దగ్గరికీ ఆ ఇన్‌స్పెక్టరు వచ్చాడా?"

"మొన్ననే వచ్చాడు ఆచాలా. పాపం, ఎంత నెమ్మదైన మనిషి!"

"ఏం పెట్టావు?"

చోడెన్ మొహం వెలిగిపోయింది. "రొట్టెలు కాల్చాను. పెద్ద పొయ్యి లోపలిది కూడా వెలిగించాను. చలిగాలిలో వచ్చాడు కదా అని తలుపు తెరిచే ఉంచాను. చెవులు ఎర్రబడిపోయాయంటే నమ్ము."

"చలేస్తుందా అని అడిగితే ఏమన్నావు?"

"ఏమంటాను? మాకేం చలి అన్నాను."

యాంగ్డోల్ నెత్తి కొట్టుకుంది. ఇద్దరూ కలిసి పై అంతస్తులో పోలా జంపా దగ్గరికి వెళ్ళారు. దగ్గుతో మనిషి సగం అయిపోయిన ఆ ముసలాయన తుక్పా చారు కాచి పెట్టి, ఉన్న ఒక్క దుప్పటీ తీసి ఇన్‌స్పెక్టరు మోకాళ్ళ మీద కప్పాడట. ఆ పక్కింట్లో గారెల్లాంటివి వేయించారు. ఏ ఇంట్లో విన్నా ఇదే వరస. మావాళ్ళు చలికి వణుకుతూ ఫోన్లు చేస్తారు. చూడ్డానికొచ్చిన మనిషి వణక్కూడదని ఇల్లంతా కాల్చుకుంటారు. తర్వాత మళ్ళీ వణుకుతారు. దీనికి నవ్వాలో ఏడవాలో ఆ బిల్డింగులోనే ఉండే నాకైతే ఇప్పటికీ తెలియదు.

ఆదివారం అందరూ బట్టలు ఉతికే గదిలో చేరారు. ఆరబెట్టే యంత్రాలు తిరుగుతుంటాయి కాబట్టి బిల్డింగులో వెచ్చగా ఉండేది అదొక్కటే. నోర్జిన్ మాట్లాడదామని నోరు తెరిచేలోగా యాంగ్డోల్ లేచి నిలబడింది.

"ఇకనుంచి ఇన్‌స్పెక్టరుకి ఎవరూ ఏమీ పెట్టొద్దు. పొయ్యి వెలిగించొద్దు. దీపాలు వద్దు."

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"టీ కూడానా?" అన్నాడు పోలా జంపా దగ్గుతూ.

"టీ కూడా."

"గుమ్మంలోకొచ్చిన మనిషికి గుక్కెడు టీ ఇవ్వకపోతే మనం మనుషులమేనా యాంగ్డోల్?"

"ఇవ్వాలనిపిస్తే చేతులు చుబాలో దూర్చుకుని కూర్చో."

"ఆయనేమనుకుంటాడు?"

"వీళ్ళకి చలేస్తోంది అనుకుంటాడు. అనుకోనీ."

చోడెన్ చెయ్యెత్తింది. "ముందురోజే కాచి ఫ్లాస్కులో పోసి పెట్టుకుంటేనో? ఫ్లాస్కు వేడి గదికి అంటదుగా?"

అందరూ నోర్జిన్ వైపు చూశారు. పెద్ద కోర్టు తీర్పు చెప్పాలన్నట్టు చూస్తున్నారు. నోర్జిన్‌కి నవ్వు ఆగలేదు. పాప పుట్టాక ఆమె నవ్వడం అదే మొదలు.

"ఫ్లాస్కు పరవాలేదు," అంది. "ప్రతి ఇంటివాళ్ళూ విడివిడిగా ఫిర్యాదు పెట్టండి. ఒక్కరు చెబితే ఒక్క ఇంటి బాధ, అందరూ చెబితే బిల్డింగు బాధ. కాని ఒక్క జాగ్రత్త. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు కర్టిస్ చెవిన పడకూడదు. పడిందా, ఆ పూటకి బాయిలరు పెంచేస్తాడు. ఆయన అటు వెళ్ళగానే ఇటు తగ్గించేస్తాడు. మనం మళ్ళీ అబద్ధాలకోరులం అవుతాం."

ఎవరికీ చెప్పబోమని అందరూ అన్నారు. పల్దెన్ మూలన యంత్రం దగ్గర నిలబడి దుప్పట్లు మడతపెడుతున్నాడు. మడతపెట్టినదాన్నే విప్పి మళ్ళీ మడతపెట్టాడు. నోర్జిన్ అది చూసింది కాని పట్టించుకోలేదు.

* * *

సోమవారం ప్రతి ఇంటి నుంచీ ఫిర్యాదు వెళ్ళింది. ఇన్‌స్పెక్టరు మంగళవారం పొద్దున్నే వస్తానన్నాడు.

ఆ ఉదయం యాంగ్డోల్ పూజ అర ముందు చాలాసేపు నిలబడింది. వత్తి సిద్ధంగా ఉంది, అగ్గిపెట్టె చేతిలో ఉంది.

"ఒక్క దీపం వెలిగించుకోండి ఆమాలా. ఒక్కదానివల్ల ఏం కాదు," అంది నోర్జిన్.

"వద్దు. ఆయన వచ్చి వెళ్ళనీ. పాప పని కదా, దేవతలు కాసేపు ఓపిక పడతారు."

పాపకి లామా పెట్టిన పేరు ఆవిడ ఒక్కదానికే తెలుసు. ఫోనులో విని దాచుకుంది. పాప గడప దాటి లోపలికి వచ్చాకే చెవిలో పలుకుతానని పట్టుపట్టింది. నోర్జిన్ ఎంత బతిమాలినా చెప్పలేదు. ఆస్పత్రిలో ఆ బిడ్డ ఇంకా పేరు లేని పాపే.

వంటిల్లు చల్లగా, ఊరికే ఉంది. బల్లమీద ఫ్లాస్కు ఒక్కటే. గోడమీద పదహారు. చేతివేళ్ళు కొంకర్లు పోతున్నాయి. నోర్జిన్‌కి చాలా రోజుల తర్వాత ధైర్యంగా ఉంది. చలిని చూసి సంతోషించడం తనకే వింతగా ఉంది.

యాంగ్డోల్ కుర్చీలో కూర్చుని పెదాలు కదుపుతోంది. జపం అనుకుంది నోర్జిన్. దగ్గరికి వెళ్తే వినబడింది. "మాకు చలేస్తుంది. నాకు చలేస్తుంది." ఒప్పజెప్పుకుంటోంది. ప్రతిసారీ 'చలి' దగ్గర ఆగి మళ్ళీ మొదలుపెడుతోంది.

టక్.

గోడలో ఎక్కడో శబ్దం. మళ్ళీ టక్, టక్. ఎవరో గొట్టాన్ని సుత్తితో కొట్టినట్టు. రేడియేటరు బుస్సుమంది.

యాంగ్డోల్ వెళ్ళి చెయ్యి వేసింది. మొహం చేటంత అయింది. "వేడి! నోర్జిన్, వేడెక్కుతోంది! చూశావా, దేవతలు..."

నోర్జిన్ మొహం చూసి ఆవిడ మాట మింగేసింది.

పైనా కిందా తలుపులు తెరుచుకుంటున్నాయి. వరండాలో చోడెన్ గొంతు వినిపించింది. "ఎవరు చెప్పారు? ఎవరు చెప్పారర్రా వాడికి?"

పల్దెన్ గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు.

"నీకివాళ సెలవు కదా," అంది నోర్జిన్. "ఎక్కడికి?"

అతని చేతులు ఆగిపోయాయి. తల ఎత్తలేదు.

"పల్దెన్. నా వైపు చూడు."

అతను చూడలేదు. జేబులోంచి ఒక తాళంచెవి తీసి ఫ్లాస్కు పక్కన పెట్టాడు.

"రెండో అంతస్తు," అన్నాడు మెల్లగా. "కొత్తగా బాగుచేసిన ఫ్లాటు. కొత్త కిటికీలు. దాని హీటరు దానికే విడిగా ఉంది. వెళ్ళి చూశాను నోర్జిన్. లోపలికి వెళ్ళగానే కోటు విప్పేశాను. పాపని అక్కడ ఒంటిమీద దుప్పటి లేకుండా కూడా పడుకోబెట్టొచ్చు. అద్దె ఇదే తీసుకుంటానన్నాడు కర్టిస్."

"దానికి నువ్వేమిచ్చావు?"

"ఏమీ ఇవ్వలేదు. ఇన్‌స్పెక్టరు ఎప్పుడొస్తాడు, ఎప్పుడెళ్తాడు, చెప్పమన్నాడు. అంతే."

"అంతేనా! అంతేనా పల్దెన్!"

"మరి నన్నేం చేయమంటావు?" పల్దెన్ మొదటిసారి గొంతెత్తాడు. ఆ గొంతు అతనికే అలవాటు లేనట్టు మధ్యలో చీలిపోయింది. "శుక్రవారం వచ్చేస్తోంది. నువ్వు చట్టం అంటావు. చట్టం గెలిచేసరికి పాపకి పెళ్ళీడు వస్తుంది! ఎవరింటికో పంపేస్తారట నా కూతుర్ని. వెచ్చటి ఇల్లు ఒకటి దొరికింది, తీసుకున్నాను. తప్పయితే తప్పే!"

నోర్జిన్ తిరిగి అరవలేదు. తాళంచెవి వంక చూసింది. చిన్న ఇత్తడి తాళంచెవి. ఇంకో మూడు రోజుల్లో పాప తన ఒళ్ళో ఉంటుంది. ఎవర్నీ అడగక్కర్లేదు, ఎవరితో పోట్లాడక్కర్లేదు. అలిసిపోయింది ఆమె. ఆ తాళంచెవి కావాలనిపించింది. తనకు తెలియకుండానే చెయ్యి దాని మీదికి వెళ్ళింది. ఎంత సిగ్గేసినా ఆ చెయ్యి వెనక్కి రాలేదు.

పై అంతస్తులో పోలా జంపా దగ్గు మొదలైంది. కప్పులోంచి స్పష్టంగా వినిపిస్తోంది.

"జంపాకి ఏ తాళంచెవి ఇస్తాడట?" అడిగింది యాంగ్డోల్.

కొడుకు తల దించుకున్నాడు.

"చోడెన్ మనవలకి?"

"వాళ్ళ సంగతి వాళ్ళు..."

"అందర్నీ నేనే తిరిగి ఒప్పించాను. టీ కూడా ఇవ్వనివ్వలేదు." ఆవిడ కొడుకు ఎదురుగా వచ్చి నిలబడింది. "నేను తెలియక చేశాను పల్దెన్. నువ్వు తెలిసి చేశావు. వీళ్ళనిలా వదిలేసి దాటే గడపలో పాప పేరు నా నోట రాదు."

"ఆమాలా!" అన్నాడు పల్దెన్.

తలుపు మీద చప్పుడయింది.

ఫుర్తాదో లోపలికి వచ్చి ఒక బూటు విప్పాడు. అంతలోనే మొహం వాడిపోయింది. కోటు గుండీలు తీసుకుంటూ రేడియేటరు వైపు చూశాడు. "మళ్ళీ వెచ్చగానే ఉందే! ఈసారి పొయ్యి కూడా లేదు." థర్మామీటరు తీసి గది మధ్యలో స్టూలు మీద పెట్టాడు. "అమ్మా నోర్జిన్, ఇలా అయితే నేను రాయగలిగింది ఏమీ లేదు. ఇక ఈ ఫైలు మూసేయాల్సి వస్తుంది."

నోర్జిన్ ఏదో చెప్పబోయింది. తాళంచెవి ఆమె పిడికిట్లో ఉంది.

"నా ఇంగ్లీషు దీనికి చాలదు. నేను చెప్పేది ఆయనకి చెప్పు," అంది యాంగ్డోల్. "ఉన్నదున్నట్టు చెప్పు."

ఆవిడ ఇన్‌స్పెక్టరు ఎదురుగా నిలబడింది. రేడియేటరు సెగకి రెండు చుబాల్లోనూ చెమట పడుతోంది.

"మొన్న మీతో అబద్ధం ఆడాను. మాకు చలేస్తుంది." ఆగింది. "నాకు చలేస్తుంది. రాత్రంతా చలేస్తుంది. చెప్పుకోవడానికి సిగ్గేసింది."

నోర్జిన్ చెప్పింది. చెబుతుంటే ఆమె కళ్ళు నిండాయి.

"ఈ వేడి మా ఇంటిది కాదు. ఇది మీతో వచ్చింది, మీతోనే వెళ్ళిపోతుంది. అది వెళ్ళేదాకా కూర్చోండి," అంది యాంగ్డోల్. నోర్జిన్ అదీ చెప్పింది.

ఫుర్తాదో ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "ఎంతసేపమ్మా? నాకింకా చాలా ఇళ్ళున్నాయి."

యాంగ్డోల్ బల్ల దగ్గరికి వెళ్ళింది. ఫ్లాస్కు వంచి కప్పు నిండా టీ పోసి ఆయన ముందు పెట్టింది. ఆయన కప్పు వంక చూశాడు, గడియారం వంక చూశాడు. కాసేపటికి నిట్టూర్చి, వంగి, రెండో బూటు కూడా విప్పాడు.

అప్పుడే పల్దెన్ జేబులో ఫోను మోగింది.

తీసి చూశాడు. కర్టిస్. ఎందుకు చేశాడో ఆ గదిలో ఇన్‌స్పెక్టరుకి తప్ప అందరికీ తెలుసు. బాయిలరు పక్కన చెయ్యి మీట మీద పెట్టుకుని నిలబడి ఉంటాడు.

"ఎత్తు," అంది తల్లి తమ భాషలో.

పల్దెన్ ఫోను పట్టుకున్న చెయ్యి బల్లమీద ఆనించాడు.

"ఎత్తి, వెళ్ళిపోయాడని చెప్పు."

ఆవిడేం అడుగుతోందో నోర్జిన్‌కి ఒక్క క్షణం ఆలస్యంగా వెలిగింది. ఆ ఒక్క మాట చెబితే బాయిలరు తగ్గుతుంది. ఆయన కళ్ళ ముందే గది చల్లబడుతుంది. కర్టిస్ బండారం బయటపడుతుంది. రెండో అంతస్తు ఫ్లాటు ఇక ఎప్పటికీ ఉండదు. శుక్రవారానికి ఏ ఇల్లు ఉంటుందో ఎవరికీ తెలియదు.

పల్దెన్ భార్య వంక చూశాడు. నువ్వు చెప్పు అన్నట్టు చూశాడు. నోర్జిన్ పిడికిలి విప్పింది. తాళంచెవి అరచేతిలో అచ్చు వేసింది. ఆమె దాన్ని తీసుకెళ్ళి ఫోను పట్టుకున్న అతని చేతి పక్కన బల్లమీద పెట్టింది.

పల్దెన్ ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతలి గొంతు అందరికీ వినబడింది.

"ఏమయ్యా, వెళ్ళాడా?"

పైన పోలా జంపా ఇంకా దగ్గుతూనే ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు మర్యాదకి ఒక్క గుక్క తాగి కప్పు కింద పెట్టాడు. కొడుకు నోటి వైపే చూస్తూ యాంగ్డోల్ ఆ కప్పు మళ్ళీ నింపింది.